రేపటి అంట్లనీళ్లు

సోములమ్మ తెల్లారగట్లే లేచి, మొహం కడుక్కుని, టీ జల్లెడ పట్టుకుని వంటింట్లో తూము దగ్గర కూచుంటుంది. ఆ జల్లెడ పిడి ఎప్పుడో ఊడిపోతే ఇనప తీగ చుట్టింది. టీ వడకట్టడానికి ఇంట్లో వేరే జల్లెడ ఉంది. ఇది తూముకే.

అరకు లోయలో ఆ రైలు క్వార్టర్లు కట్టి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. వరసగా ఆరిళ్లు. ప్రతి వంటింట్లో ఒక మూల అంట్లు తోముకోడానికి చిన్న గచ్చు, ఆ గచ్చు చివర అరచెయ్యంత తూము. అయిదిళ్లలో నీళ్లు పోస్తే పోతాయి, అంతే. సోములమ్మ ఇంట్లోనూ పోతాయి గానీ, తెల్లారేసరికి గచ్చు నిండా ఎనక్కి వచ్చీస్తాయి. వచ్చేవి నిన్న పోసినవి కావు. రేపు పోయబోయేవి.

ఆవిడ కొడుకు పైడయ్య రైల్లో కీమేను. అంటే రోజూ పొద్దున్నే సుత్తీ, పానా, ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని పట్టాల మీద నాలుగు మైళ్లు నడవాలి. వదులైన చోట బిగించాలి. రాయీ రప్పా పడిందేమో చూసుకోవాలి. ఆ తరవాతే ఇనపరాయి మోసుకొచ్చే గూడ్సు కొండ దిగుతుంది. మొగుడు పోయాక సోములమ్మ శృంగవరపుకోట దగ్గరున్న ఊరొదిలేసి కొడుకు దగ్గరికి వచ్చీసింది. అప్పటికే కోడలు నూకరత్నం కాపరానికొచ్చి ఉంది. ముగ్గురు మనుషులు, మూడు కంచాలు.

వచ్చిన కొత్తలో ఆవిడ కూడా తూము పూడుకుపోయిందనే అనుకుంది. ఈ చలికి వనస్పతి నెయ్యి గడ్డకట్టీసుంటుందని సలసల మరిగిన నీళ్లు పోసింది. చాకలిసోడా పోసింది. పొడుగాటి వెదురుబద్ద దూర్చి కుళ్లగించింది. బద్ద అవతల కాలవలోంచి శుభ్రంగా బయటికొచ్చింది. మర్నాడు తెల్లారేసరికి మళ్లీ గచ్చు నిండా నీళ్లు.

చివరికి మేస్త్రీ వరహాలరావు ఇద్దరు మనుషుల్ని తీసుకొచ్చాడు. గోడ పక్కనంతా తవ్వించి, పైపు ముక్కలు ముక్కలుగా ఊడదీయించి, ఒక్కో దాంట్లోకీ టార్చిలైటు వేసి చూశాడు.

"పైపులో ఏటీ నేదమ్మా. పైపు బాగుంది. నీళ్లే ఎనక్కొత్తన్నాయి," అన్నాడు.

"నీళ్లు ఎనక్కొత్తంటే బాగున్నట్టేటి బాబూ?"

"పైపు నా కిందకొత్తాది. నీళ్లు నా కిందకి రావు," అని పుస్తకంలో పని పూర్తయిందని రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గచ్చులోకి ఓసారి తొంగిచూసి, "ఆనపకాయ ఒండుకున్నట్టున్నారే," అన్నాడు.

నిజంగానే ఆనపగింజలు తేలుతున్నాయి.

"మనం ఆనపకాయ తిని నెల దాటింది గదత్తా," అంది నూకరత్నం.

మర్నాడు శుక్రవారం, సంత. వాన మూలాన కూరలేవీ దిగలేదు. సంత మొత్తం తిరిగినా ఆనపకాయలు తప్ప మరేం దొరకలేదు.

అలా తెలిసింది. తెలిసాక క్వార్టర్ల వాళ్లెవరూ దాన్ని పట్టించుకోలేదు. ఒకరింట్లో బల్లులెక్కువ, ఒకరింటికి ఎండ రాదు, సోములమ్మ ఇంట్లో రేపటి అంట్లనీళ్లు వస్తాయి. పక్కింటి ముత్యాలమ్మ మాత్రం రోజూ చీపురు పట్టుకునే వచ్చి, "రేపు మీ ఇంట్లో ఏటి వదినా?" అని అడిగి పోయేది. నచ్చితే మర్నాడు గిన్నె పంపేది.

సోములమ్మ చదివింది రెండో తరగతి. అయినా ఏది ఎందుకు జరుగుతోందో తేలేదాకా ఊరుకునే మనిషి కాదు. తూము చెప్పిందని తను వండుతోందా, తను వండుతుంది గనక తూము చెప్తోందా? ఒకరోజు జల్లెడ నిండా చేప పొలుసులొచ్చాయి. "రేపు ఈ ఇంట్లో సేప ఒండితే ఒట్టు. ఏటి సేత్తాదో సూద్దాం," అంది.

మర్నాడు కింద నించి పాసింజరు బండిలో ముత్యాలమ్మ తమ్ముడు చేపలు తెచ్చాడు. ముత్యాలమ్మ తొట్టిలో నీళ్లు అయిపోయాయి. "జరుగొదినా, మీ గచ్చులో తోముకుంటాను," అని కత్తిపీటేసుకు కూచుంది. సోములమ్మ ఒక్క ముక్క తినలేదు. ఆ ఇంట్లో చేప ఉడకలేదు. కానీ నిన్నొచ్చిన పొలుసులన్నీ మళ్లీ తూములోకి దిగాయి. అప్పుడర్థమైంది ఆవిడకి. తూముకి కావాల్సింది పొలుసు. ఎవరి చేపో, ఎవరు తిన్నారో దానికి పట్టదు.

ఆ ఏడు వాన పట్టిందంటే పదకొండు రోజులైనా వదల్లేదు. బట్టలు ఆరక ఇల్లంతా ముక్కిన వాసన. పన్నెండో రోజు తెల్లారగట్ల సోములమ్మ జల్లెడ ముంచి తీసింది. నాలుగు మెతుకులు, కొంచెం పెసరపప్పు. మళ్లీ ముంచింది. అదే. గంజి చిక్కదనం లేదు, చింతపండు పీచు లేదు. పప్పుని వేళ్ల మధ్య నలిపి చూసింది. తెల్లగా పాలిపోయి ఉంది. పసుపు లేదు. గచ్చంతా దేవి చూసినా ఒక్క తాలింపు గింజ లేదు.

"ఒలే, ఇలారా," అని కోడల్ని పిలిచింది.

నూకరత్నం చూసి, చీర చెంగు నోటికడ్డం పెట్టుకుంది. విడమరిచి చెప్పక్కర్లేదు. మనిషి పోయిన ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు. అందుకే గంజి ఉండదు. పక్కింటివాళ్లు వండి తెచ్చిన అన్నం, పప్పు తింటారు. ఆ పప్పులో పసుపు వెయ్యరు, తాలింపు పెట్టరు. మొగుడు పోయినరోజు సోములమ్మ మింగిందీ అదే.

"ఎవులత్తా?" అంది నూకరత్నం.

"ఉండు."

సోములమ్మ ఇంకో నాలుగుసార్లు జల్లెడ పట్టింది. పైడయ్య చద్దన్నమైనా, వేడన్నమైనా పచ్చిమిరపకాయ కొరక్కుండా తినడు. ముచికలు, అదే తొడిమలు, కంచం అంచున వరసగా పెడతాడు. తూము రోజూ ఏది తెచ్చినా తేకపోయినా ఆ ముచికలు తెస్తుంది. ఇవాళ లేవు.

"ఏడుపులో ఉండి తినలేదేమో," అంది నూకరత్నం.

"నేను పోతే ఆడు తినడం మానీడు. నువ్వు పోతే మానీవచ్చు. నీకేటైనా ఒంట్లో బాగోనేదా?"

"నాకేటి, రాయినాగున్నాను."

"నేనూ అలాగే ఉన్నాను. మరి రేపు ఈ వానలో కొండ కింద నడిసీది ఎవులు?"

పైడయ్య డ్యూటీ దిగి వచ్చాక చెప్పింది. దాచే అలవాటు ఆవిడకి లేదు. వాడు తడిసిన కోటు మేకుకి తగిలించి, గచ్చు దగ్గర గొంతుక్కూచుని తనూ చూశాడు.

"ముచికలు నేవా?"

"నేవు."

"రెండో కటింగు కాడ మట్టి జారతంది. నిన్ననే సెప్పేను స్టేషను బాబుగారికి," అన్నాడు. కొండని రెండుగా కోసి మధ్యలోంచి పట్టాలేసిన చోటుని వాళ్లు కటింగు అంటారు. రెండు పక్కలా గోడలాగా కొండ ఉంటుంది. తప్పుకోడానికి చోటుండదు.

"ఎల్లి సెలవడుగు."

వెళ్లాడు. అరగంటలో తిరిగొచ్చాడు. బాబుగారు తూము సంగతి నమ్మకపోలేదు, అయ్యో అని కూడా అన్నాడు. కానీ ఎవరో ఒకరు నడవకుండా గూడ్సు వదలడానికి లేదు.

"నేను మానీత్తే నా బదులు గేంగులో బుధు ఎల్లాలమ్మా. ఆడింట్లో ఇలాటి తూము నేదు కాబట్టి తెలీదు గానీ, ఆడికీ తల్లుంది."

సోములమ్మ వాడికి కంచం పెట్టింది. వాడు తిని పడుకున్నాక మళ్లీ వెళ్లి గచ్చు ముందు కూచుంది. నీళ్లు దిగిపోయాయి. రెండు పప్పుబద్దలు మాత్రం అంచున అంటుకుని ఉన్నాయి. వాటిని చూస్తూ చాలాసేపు కూచుంది. దిగాల్సింది రేపు ఎలాగూ దిగుతుంది. దాన్ని ఆపలేం. కానీ ఇందులో మనిషి ఎక్కడున్నాడు? పప్పుంది, అన్నముంది, పసుపు లేదు, ముచికలు లేవు. అంతే కదా ఇది అడుగుతోంది.

లేచి కొంగు దులుపుకుని ముత్యాలమ్మ ఇంటికి నడిచింది.

"ముత్యాలూ, రేపు మా పొయ్యి ఎలగదు. నువ్వు అన్నం, పెసరపప్పు ఒండి అట్టుకురా. పసుపెయ్యకు. తాలింపెట్టకు."

ముత్యాలమ్మ చేతిలో చేట కింద పడింది. "ఓలమ్మో! ఎవులు పోయారొదినా?"

"ఎవులూ పోలేదు. పోకుండానే తెమ్మంతన్నాను."

"బతికున్నోలకి సావుకూడేటి? నా సేతుల్తో ఎలా ఒండుతాను? నీకేటైనా పిచ్చా?"

"రేపు ఎలాగూ ఒండుతావే. తూములో వొచ్చింది నీ సేతి ఒంటే. పప్పు మెదపవు నువ్వు, బద్దలు బద్దలుగా ఒదిలీత్తావు. నాకు తెలీదేటి? ఎవులో పోయాక ఏడుత్తూ ఒండుతావో, ముందే ఒండి పెడతావో నువ్వే సెప్పు."

ముత్యాలమ్మ చేట తీసుకుంది. కాసేపు బియ్యం ఏరుతూ ఆలోచించింది. "మరి నేను ఏడవాలా?" అంది.

"ఏడుపు తూములోకి రాదు. అక్కర్లేదు."

"ఉప్పెయ్యొచ్చా?"

"ఉప్పు తెలీలేదు. నీ ఇష్టం."

ఆ సాయంత్రం మిగిలిన అన్నం గంజిలో వేసి చద్ది పెట్టలేదు. పట్టుకెళ్లి స్టేషను వెనకాల గేదెకి పోసీసింది. మిరపకాయల బుట్ట ముత్యాలమ్మ ఇంట్లో పెట్టి వచ్చింది. పొయ్యి మీద తడిగుడ్డ కప్పింది.

తెల్లారింది. ఆ రోజు తూములోంచి కాలవ పొంగిన ఎర్రమట్టి నీళ్లు తన్నుకొచ్చాయి. జల్లెడకి బురద తప్ప ఏమీ చిక్కలేదు. తరవాత రోజుకి ముచికలున్నాయో లేవో ఆ బురదలో ఎవరు చూడగలరు? సోములమ్మ జల్లెడ కడిగి మేకుకి తగిలించింది.

పైడయ్య కోటేసుకుని వచ్చి పీట వాల్చుకున్నాడు. "అమ్మా, సద్దన్నమేదీ?"

"గేదికి పోసీసేను."

"గేదికా? పోనీ టీ అన్నా?"

"పొయ్యి ఎలిగించకూడదు. నువ్వు ఇయాల ఈ ఇంట్లో తినకూడదు. కంచం ముట్టకూడదు."

"ఖాళీ కడుపుతో నాలుగు మైళ్లా? కొండ సంపకపోయినా నువ్వే సంపీసేలాగున్నావు."

"ఎల్లు బేగి. మజ్జానం దాకా ఇటు రాకు."

వాడు కోపంగానే వెళ్లాడు. పెళ్లాం వైపు చూస్తే నూకరత్నం తల తిప్పుకుంది. కొడుకు గేటు దాటేదాకా సోములమ్మ గుమ్మంలో నిలబడలేదు. అలా నిలబడితే పంపుతున్నట్టుంటుందని, లోపల గచ్చులో బురద ఎత్తిపోస్తూ కూచుంది.

పది దాటాక ముత్యాలమ్మ గొడుగు కింద గిన్నెలు పట్టుకొచ్చింది. ఇంకా గుమ్మం ఎక్కలేదు, స్టేషను దగ్గర్నించి ఒక మనిషి గోనె నెత్తిన కప్పుకుని పరిగెట్టుకొచ్చాడు.

"రెండో కటింగు కాడ కొండ దిగిపోనాదమ్మా! పట్టాలు కనబడ్డం నేదంట."

"మా ఓడు?" అంది సోములమ్మ.

"తెలీదమ్మా. తీగ తెగిపోనాది. మాటలు కలవడం నేదు. మనుషులెల్లారు," అని అలాగే పక్కింటి వైపు పరిగెట్టాడు.

ముత్యాలమ్మ గిన్నెలు గుమ్మంలోనే దింపీసి, "నే ఒండబట్టే! నే ఒండబట్టే!" అని తల కొట్టుకుంది. నూకరత్నం గోడకి చేరబడి జారి కూచుండిపోయింది. పసుపు లేని పప్పు అలా తెల్లగా, పొగలు కక్కుతూ ఉంది. చావింటికి కూడు వచ్చినట్టే వచ్చింది.

సోములమ్మ రెండు కంచాలు తీసింది. అన్నం పెట్టింది, పప్పు పోసింది.

"కూచో. తిను," అంది కోడలితో.

"ఎలా దిగుతాదత్తా?"

"దిగకపోతే కంచం ఎలా తోముతాను? సూడు, ఇంకా ఎవులూ ఏ కబురూ తేలేదు. నువ్వు ఏడుత్తూ కూచుంటే ఇది నిజంగా సావుకూడే. తింటే ముత్యాలు ఒండిన పప్పు. అంతే. నోరు తెరు."

నూకరత్నం తింది. కన్నీళ్లు పప్పులో పడుతుంటే కలుపుకునే తింది. సోములమ్మ ఎదురుగా కూచుని పెద్ద పెద్ద ముద్దలు చేసుకుని మింగింది. అడుగున నాలుగు మెతుకులు, కొంచెం పప్పు వదిలింది. గచ్చులో కూచుని రెండు కంచాలూ తోమింది. నీళ్లు పోసే ముందు చేత్తో కలిపి చూసింది. నిన్నొచ్చినవి ఇవే. మెతుకు తేడా లేదు. చెంబుడు నీళ్లు పోస్తే తూము గుటకేసినట్టు ఒక్కసారే లాగీసుకుంది.

"నీదేదో నీకిచ్చీసేను," అంది తూముతో. తరవాత మరేం చెయ్యాలో తెలీక గచ్చుని నారతో తోమడం మొదలెట్టింది. శుభ్రంగా ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ తోమింది.

మూడు గంటలకి వాన సన్నబడింది. పెరటి వైపు నించి ఇద్దరు మనుషులు నడిచి వస్తున్నారు. ఇద్దరూ నెత్తి నించి కాళ్లదాకా ఎర్రమట్టి. ఎవరు ఎవరో తెలీలేదు. ముందున్న మనిషి నోరు తెరిచి, "ఇప్పుడైనా లోపలికి రావొచ్చా?" అన్నాడు.

నూకరత్నం పరిగెట్టి వాడి మీద పడింది. సోములమ్మ తోముతున్న నార కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని పెరట్లోకి వచ్చింది.

రెండో మనిషి గాసి. కటింగుకి ఇవతల, లైను కింద గుడిసెలో ఉంటాడు. చోళ్లు, అంటే రాగులు, పండిస్తాడు.

"ఏటి జరిగింది?" అంది సోములమ్మ.

"ఏటుంది? నువ్వు తిండెట్టలేదు గదా," అన్నాడు పైడయ్య. "రెండు మైళ్లు నడిసేసరికి కళ్లు తిరిగిపోనాయి. కటింగు ఎదురుగా కనిపిత్తంది. ఇంక అడుగు పడదు. గాసిగాడి గుడిసెలో పొగొత్తంది. దిగి ఎల్లి, ఒరే, ఏటుంటే అది పొయ్యిరా అన్నాను. చోడంబలి కాసేడు. సొరబుర్రడు తాగేను. రెండోది పోసుకుంటన్నాను, కొండ దిగీసింది. గుడిసె ఊగిపోనాది. రోజూ ఆ టయానికి సరిగ్గా ఆ రాళ్ల కిందే ఉంటాను నేను."

"ఊరికే కూచోలేదు పెద్దమ్మా," అన్నాడు గాసి. "బుర్ర ఇసిరీసి జెండా అట్టుకుని కొండ మీదనించి అటేపు ఎక్కేడు. నేనూ ఎనకాల ఎక్కేను. ఈ టయానికి ఈడు కటింగు దాటీసుంటాడని గూడ్సు ఒదిలీసేరు, ఒచ్చీసింది. ఆపేం."

"ఎంత దూరంలో?"

గాసి చేత్తో ఈ ఇంటికీ, పెరటి జామచెట్టుకీ మధ్య చూపించాడు. "ఇంత."

ముత్యాలమ్మ అప్పటికి ఏడుపాపి, "నేను ఒండింది సల్లారిపోతంది. ఇద్దరికీ ఎట్టండి," అంది. నూకరత్నం లోపలికెళ్లి మూడో కంచం తీసింది.

"కంచం ముట్టకు!" అని సోములమ్మ అరిచిన అరుపుకి గాసి రెండడుగులు వెనక్కేశాడు. "ఇంకా పొద్దుంది. ఇయాల ఇంకో కంచం తోమకూడదు. రెండు కంచాల ఎంగిలే వొచ్చింది. రెండే పోవాలి."

"అమ్మా, ఒక్క బుర్రడు అంబలి మీద నిలబడ్డాను. కొండెక్కేను, దిగేను," అన్నాడు పైడయ్య, ఏడ్చేటట్టు.

"రేపు తిను."

గాసికి ఈ గొడవ అర్థం కాలేదు. నడుం దగ్గర చుట్టుకున్న గుడ్డలోంచి రెండు అడ్డాకులు తీసి, దులిపి, అరుగు మీద పరిచి బాసింపట్టు వేసుక్కూచున్నాడు. "నాకు కంచమొద్దు పెద్దమ్మా. కంచంలో తింటే నాకు కడుపు నిండదు. ఆకులో ఎట్టీ. తినీసి పారీత్తాను."

సోములమ్మ ఆ ఆకుల్ని చూసింది. కడగక్కర్లేదు. తూము దాకా వెళ్లక్కర్లేదు. తిని అవతల పారేస్తే మేక తినీస్తుంది.

"నువ్వూ కూచో," అంది కొడుకుతో.

వాడు రెండో ఆకు ముందు చతికిలబడ్డాడు. ముత్యాలమ్మ పప్పు పోసింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "నా సావుకూడు నేనే తింటన్నాను. ఉప్పు సాలేదు," అన్నాడు. ముత్యాలమ్మ వాడి నెత్తిన ఒకటి మొట్టింది. నూకరత్నం చాలాసేపటికి మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే ఏదో తట్టినట్టు అత్త వైపు తిరిగింది.

"అత్తా, పొద్దున్నే ఇలా ఆకులో ఎట్టీసుంటే సరిపోయీది గదా. కంచం ఉండీది కాదు, ముచికలు తూములోకి వొచ్చీవి కావు. అంత ఆకలితో పంపక్కర్లేకపోయీది."

అవునే అనడానికి సోములమ్మ నోరు తెరిచింది. కడుపు నిండుంటే వాడు గుడిసెలోకి దిగేవాడా అనిపించి ఆగింది. పైడయ్య చేతిలో ముద్ద కూడా నోటి దగ్గరే ఆగిపోయింది. ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకోకుండా, అరుగు మీద పరిచిన ఆ ఆకు వైపే చూశారు.

"తట్టలేదే," అంది సోములమ్మ చివరికి, చాలా చిన్నగా.

గాసి ఆకు అంచు దాకా వేలితో తుడిచి, "పెద్దమ్మా, ఇంకొంచెం పప్పు," అన్నాడు.

ఆవిడ గరిటె అందుకుని వడ్డించింది.